ముక్కబొమ్మల అంకాలమ్మ

అంకాలమ్మకు చదువు రాదు. అయినా 1960 మొదలు ఏడేళ్ళపాటు దిబ్బపాళెం టూరింగ్ టాకీసులో ఏ రోజు ఏ ట్రైలరు వేయాలో, ఏది వేయకూడదో ఆమె చెప్పినట్టే జరిగింది. ఉద్యోగం ప్రకారం ఆమె ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చించే మనిషి, అంతే. ఈ రెండో పని ఆమె చేతికి ఎలా వచ్చిందో ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. విన్నంతవరకు రాస్తున్నాను.

దిబ్బపాళెం సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లె. ఇందుకూరుపేట నుంచి మైపాడు వచ్చే రోడ్డు దిగి సరుగుడు తోటల మధ్య ఇసుకబాటన అరగంట నడవాలి. నూటయాభై ఇళ్ళు ఉంటాయేమో, మగవాళ్ళందరూ చేపల వేటకు పోయేవాళ్ళే. అంకాలమ్మ భర్త ఓబయ్య అలాగే ఒకనాడు తెల్లవారుజామున పోయి తిరిగి రాలేదు. మూడో రోజు తెప్ప ఒక్కటే ఉత్తరాన ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పిల్లలు లేరు. ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని ఐదారేళ్ళు లోపలి ఊళ్ళన్నీ తిరిగింది.

1958లో ఇందుకూరుపేట రైతు చెంచురామయ్య, పల్లెకూ వరిపొలాల ఊళ్ళకూ మధ్య ఉన్న ఖాళీ దిబ్బ మీద డేరా వేయించి టాకీసు పెట్టాడు. ఆర్నెల్లకొకసారి లైసెన్సు కోసం డేరా విప్పి రోడ్డుకు అవతల వేసేవాళ్ళు, మళ్ళీ ఇవతలికి తెచ్చేవాళ్ళు. ఆడవాళ్ళ గేటుకు ఎవరిని పెడదామని ఆయన అడిగితే ఊరంతా అంకాలమ్మ పేరే చెప్పింది. చేపలమ్మిన మనిషి కనుక పది ఊళ్ళ ఆడవాళ్ళు ఆమెకు పేరుపేరునా తెలుసు. ఎవరి నోటికీ జంకదు కూడా.

మిషను ఆపరేటరు హెబ్రోను. నెల్లూరు నుంచి వచ్చిన వాడు, అప్పటికి ముప్ఫై నిండలేదు. పనిలో శుభ్రం, మాటలో నెమ్మది. అంకాలమ్మను అక్కా అని పిలిచేవాడు.

సినిమా పెట్టె నెల్లూరులోని పంపిణీ ఆఫీసు నుంచి బస్సు మీద వచ్చేది. అందులో అసలు సినిమాతో పాటు రాబోయే సినిమాల ట్రైలర్లు రెండో మూడో ఉండేవి. పల్లెలో వాటిని ముక్కబొమ్మలు అనేవాళ్ళు. ఏ ముక్క ఏ ఊరికి పంపాలన్న ఆలోచన ఆ ఆఫీసులో ఎవరికీ ఉండేది కాదు. చేతికందింది పెట్టెలో పడేసేవాళ్ళు. వచ్చింది వచ్చినట్టు వేయాలని మాత్రం కాగితం మీద రాసి పంపేవాళ్ళు.

దాంతో వింతలు జరిగేవి. భక్తి సినిమా అని ముసలమ్మలు తలంటి పోసుకుని కర్పూరం కొంగున కట్టుకుని వస్తే, దేవుడు కనిపించే ముందు క్లబ్బులో సిగరెట్టు తాగుతూ ఆడే మనిషి కనిపించేది. తడ వైపు పోవలసిన అరవ ముక్క ఇక్కడికి వచ్చి, రెండు నిమిషాలపాటు ఎవరో ఎవరినో ఎందుకో తిడుతుంటే జనం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఒకసారి మంచుకొండల మీద హీరోహీరోయిన్లు దొర్లుతుంటే, నేల టికెట్టు జనం అది ఉప్పుకొటారు అనుకున్నారు. ఉప్పులో అట్లా దొర్లితే ఒళ్ళు మండదా అని చాలా రోజులు మాట్లాడుకున్నారు. చివర్లో గంభీరమైన గొంతు ఒకటి, త్వరలో మీ అభిమాన థియేటర్లో అనేది. ఆ సినిమాల్లో సగం ఆ దిబ్బ మీదికి ఎప్పటికీ రాలేదు.

ఇవన్నీ నవ్వుకుని మరిచిపోయే సంగతులు. 1959 కార్తీకంలో జరిగింది అట్లాంటిది కాదు.

నాలుగు రోజులు ముసురు పట్టి వదిలింది. సాయంత్రానికి ఆకాశం తేటగా ఉందని తెప్పలు వేటకు పోయాయి. ఆడవాళ్ళు వంటలు ముగించుకుని మొదటి ఆటకు వచ్చారు. ఆ రోజు పెట్టెలో ఉన్న ముక్కలో నడిసముద్రంలో తుఫాను. అలలు మేడలంత లేచాయి. ఓడ పక్కకు ఒరిగి, మనుషులు కేకలు వేస్తూ నీళ్ళలో పడ్డారు. సరిగ్గా అప్పుడే బయట గాలి లేచి డేరా గుడ్డ ఒక్కసారి దబదబ కొట్టుకుంది.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక అరుపు వినిపించింది. ఆ తర్వాత అందరూ లేచారు. పిల్లల్ని చంకనేసుకుని చీకట్లో ఒకే గేటు మీద పడ్డారు. గేటు దగ్గర అంకాలమ్మ ఉండాలి. ఆమె లేదు. అందరికంటే ముందు సముద్రం వైపు పరిగెత్తింది ఆమే. ఆమెకు నీళ్ళ మీద ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. అయినా పరిగెత్తింది.

ఆ తోపులాటలో నాగులమ్మ డేరా తాడు తగిలి పడింది. నాగులమ్మ పల్లెకు పెద్దకాపైన ముత్యాలయ్య కోడలు, ఆరో నెల గర్భిణి. చెయ్యి విరిగింది. కడుపులో బిడ్డకు ఏమీ కాలేదని మంత్రసాని చెప్పేవరకు ఊరు ఊపిరి బిగబట్టుకుని ఉంది. గాలి గంటలో తగ్గింది. తెల్లవారేసరికి తెప్పలన్నీ క్షేమంగా వచ్చాయి.

వలలు ఆరేసే చోట పెద్దలు కూర్చుని, ఇక మన పల్లె నుంచి ఎవరూ బొమ్మకు పోగూడదని కట్టుబాటు చేశారు. మూడు వారాలు టాకీసు బోసిపోయింది. చెంచురామయ్య హెబ్రోను మీద విరుచుకుపడ్డాడు. హెబ్రోను ఆఫీసు కాగితం చూపించాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు.

అప్పుడు అంకాలమ్మ ముత్యాలయ్య ఇంటికి వెళ్ళింది. నాగులమ్మ కట్టు కట్టిన చేతితో అరుగు మీద కూర్చుని ఉంది.

“గేటు వదిలేసి పోయింది నేను మామా,” అంది అంకాలమ్మ. “నేను నిలబడి ఉంటే ఈ పిల్ల పడేది కాదు. నన్ను ఏమన్నా అను.”

“నిన్నేమని ఏం లాభం? ఆ బొమ్మ వేసినోళ్ళని అనాల,” అన్నాడు ముత్యాలయ్య.

“వాళ్ళకి తెలిస్తే గదా. మనోళ్ళు యాడుండారో, ఏం జేస్తా ఉండారో నెల్లూర్లో కూర్చున్నోడికి ఎట్ట తెలుస్తాది? నాకు తెలుసు. నేను ముందు చూసి, ఇది వెయ్యండి, ఇది వద్దని చెప్తా. టాకీసోళ్ళు నా మాట ఇంటే మనోళ్ళు మళ్ళా వస్తారా?”

ముత్యాలయ్య కోడలి వైపు చూశాడు. “అక్క చూస్తానంటే నేను పోతా,” అంది నాగులమ్మ.

చెంచురామయ్యను ఒప్పించడం అంత కష్టం కాలేదు, ఖాళీ డేరాను చూసి చూసి విసిగి ఉన్నాడు. ముక్కల సంగతితో పాటు ఆమె ఇంకొకటి అడిగింది. ఆడవాళ్ళ వైపు సముద్రం పక్కన కూడా ఒక దారి తెరవాలి. ఆయన మర్నాడే గుడ్డ కోయించి రెండో గేటు పెట్టించాడు.

ముందు చూడడం ఎలా? పగలు డేరాలో తెర మీద బొమ్మ కనపడదు. హెబ్రోనే ఉపాయం చెప్పాడు. పెట్టె వచ్చిన రోజు ఉదయం పదింటికి, డేరా వెనక తెల్లగుడ్డ పరిచి దాని మీద ముక్క ఫిల్ము చుట్ట పెట్టేవాడు. ఒక చివర అతను పట్టుకుని నెమ్మదిగా వదులుతుంటే, ఆమె రెండో చివర అంచులు పట్టుకుని ఎండకు ఎత్తి చూసేది. మొదట్లో ఆమెకు గోరంత బొమ్మల్లో ఏమీ తెలియలేదు. అతను అతుకులు చూసుకునే భూతద్దం ఇచ్చాడు. వారం తిరిగేసరికి ఆమె చూపు కుదురుకుంది. కథ ఏమిటో మాటలు లేకుండానే పట్టేసేది.

“ఈయన ఈమెని అనుమానిస్తా ఉండాడు. ఈ ముసలాయన మంచోడు కాదు,” అనేది.

“మాటలు ఇనకుండా ఎట్ట జెప్తావక్కా?”

“చేపలు బేరమాడేటప్పుడు మనిషి నోటితో ఒకటి చెప్తాడు, మొహంతో ఒకటి చెప్తాడు. నేను మొహమే చూసేదాన్ని.”

ఆమె ఏ ముక్కనూ ఎప్పటికీ వద్దని అనేది కాదు. దానికి తగిన రోజు ఏదో చెప్పేది. భక్తి సినిమాకు ముందు భక్తి ముక్క. క్లబ్బు డాన్సు ముక్క శనివారం రెండో ఆటకు, మగపిల్లలు ఎక్కువగా వచ్చేటప్పుడు. కోడలిని బాధపెట్టే అత్త ముక్క మాత్రం లోపలి ఊళ్ళ నుంచి అత్తాకోడళ్ళు కలిసి బండి కట్టుకుని వచ్చే ఆదివారం వేయనిచ్చేది కాదు. “బండిలో ఇంటిదాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పోవాల గదా,” అనేది. ఊళ్ళో ఎవరన్నా పోయి పది రోజులు కాకపోతే, చావు ఉన్న ముక్క పెట్టెలోనే ఉండిపోయేది. సముద్రం ముక్క తెప్పలు ఒడ్డున ఉన్న రోజే.

పల్లె జనం మళ్ళీ వచ్చారు. వచ్చినవాళ్ళు ముక్క చూసి ఆ సినిమా కోసం ఎదురుచూడడం మొదలుపెట్టారు. అంతకు ముందు ముక్క పడుతుంటే వేరుశెనక్కాయలు ఒలుచుకునే జనం, ఇప్పుడు ముక్క అవకముందే రావాలని తొందరపడేవాళ్ళు.

అట్లా ఏడాది గడిచింది. 1961 ఎండాకాలంలో పంపిణీ ఆఫీసు మనిషి హజరత్తయ్య ఒక ఉదయం సినిమా పెట్టెతో పాటు తనే బస్సు దిగాడు. తెల్లచొక్కా, చేతిలో తోలుసంచి. తాము పంపిన ట్రైలర్లు ఇక్కడ వరస ప్రకారం పడడం లేదని ఆఫీసుకు తెలిసిందట. ఆనాటి తుఫాను ముక్క తాలూకు సినిమా తీయడం ఆలస్యమై ఇప్పుడు విడుదలకు వచ్చింది. దాని ముక్క ఈ వారమంతా ప్రతి ఆటకూ పడాలి, ఈ రోజు నుంచే.

“లేకపోతే వచ్చే నెల నుంచి మీకు పెట్టె రాదు,” అన్నాడు చెంచురామయ్యతో.

పెట్టె రాకపోతే టాకీసు లేదు. చెంచురామయ్య హెబ్రోను వైపు చూశాడు. హెబ్రోను వచ్చి అంకాలమ్మతో చెప్పాడు. ఆ సాయంత్రం తెప్పలు వేటకు పోతున్నాయని ఇద్దరికీ తెలుసు.

“ముక్క ఇట్లా ఇయ్యి,” అంది ఆమె.

ఆ తుఫాను ముక్కను ఆమె ఎప్పుడూ ఎండకు పట్టి చూడలేదు. అప్పట్లో అది మర్నాడే వెనక్కి పోయింది. ఇప్పుడు గుడ్డ మీద కూర్చుని, భూతద్దం పెట్టి ఒక్కొక్క బొమ్మా చూడసాగింది. ఆమెకు ఓబయ్య గుర్తొచ్చి ఉంటాడని హెబ్రోను ఫిల్ము చుట్ట గుడ్డ మీద పెట్టి, చప్పుడు చేయకుండా లేచి దూరంగా వెళ్ళాడు. గంట గడిచాక ఆమె పిలిచింది.

“ఇట్రా హెబ్రోనూ. ఈ తెరచాప చూడు. గాలి ఎటునించి వస్తా ఉండాది?”

అతను భూతద్దంలోంచి చూశాడు. “ఎడం పక్కనించి. చాప కుడికి ఉబ్బింది.”

“పైన జెండా చూడు.”

జెండా ఎడమ పక్కకే ఎగురుతోంది.

“ఒకే ఓడ మీద చాప అటు ఉబ్బి, జెండా ఇటు ఎగరడం ఏ గాలికీ జరగదు,” అంది ఆమె. “ఇది సముద్రం కాదు. ఎవరో తొట్టిలో నీళ్ళు పోసి పంకాలు పెట్టినారు. ఒక పంకా ఒక పక్క, ఇంకోటి ఇంకో పక్క.”

ఆ సాయంత్రం మొదటి ఆటకు ముందు ఆమె రెండు గేట్లూ తెరిచి కట్టేసి, ఆడవాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడింది. జరగబోయేది దాచకుండా చెప్పింది.

“ఆ ఏడాది మనం పారిపోయిన ముక్క ఇప్పుడు మళ్ళా పడతాది. ఆఫీసాయన వెయ్యమన్నాడు. నేను పొద్దున్నించి దాన్నే చూసినా. మీరు అలలు చూడొద్దు. ఓడ మీద జెండా చూడండి, దాని కింద తెరచాప చూడండి. నేను ఇక్కడే మీతోనే కూర్చుంటా. ఈసారి యాడికీ పోను.”

ముక్క మొదలైంది. ఉరుములు, అలలు, కేకలు. ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. ఒక్కరూ లేవలేదు. అంతలో ముందు వరసలోంచి నాగులమ్మ గొంతు వినిపించింది.

“అక్కా, జెండా అదిగో. చాప అటు పోతా ఉండాది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గాలి చూసి బతికిన ఆడవాళ్ళు. ఒకసారి కనపడ్డాక ఇక వాళ్ళ కళ్ళకు వేరే ఏదీ ఆనలేదు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. మగవాళ్ళ వైపు ముసలివాళ్ళు కూడా చూసి పట్టేశారు. ఓడ మునిగే సమయానికి డేరా అంతా నవ్వుతోంది.

కుర్చీ తరగతిలో కూర్చున్న హజరత్తయ్యకు ఏమీ అర్థం కాలేదు. నెల్లూరులో ఈ ముక్కకు జనం బిగుసుకుపోయి కూర్చున్నారు. ఇంటర్వెల్లులో మొహం ఎర్రగా చేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

“ఏం చెప్పినావమ్మా వాళ్ళకి? లక్షలు పోసి తీసిన సీను అది.”

ఆమె చెప్పింది. హెబ్రోను ముక్క తెచ్చి, పెట్రోమాక్సు దీపానికి, అంటుకోకుండా దూరంగా పట్టి చూపించాడు. హజరత్తయ్య భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. అతని మొహంలో కోపం మెల్లగా పోయింది.

“నేను ఇది ఇరవైసార్లు చూసినా,” అన్నాడు. “మద్రాసులో పెద్దపెద్దవాళ్ళు చూసినారు. ఒక్కరూ కనుక్కోలా.”

“వాళ్ళకి గాలితో ఏం పని?” అంది అంకాలమ్మ. “ఒక మాట ఇనండి అయ్యా. ఈ పూట నా మాట మీద ఓర్చుకుని నవ్వినారు. రేపు కూడా నవ్వమని నేను చెప్పలేను. మొగోళ్ళు నీళ్ళ మీద ఉండంగా తుఫాను చూసి నవ్వడం నాకే మనసుకు పట్టలా. ఆదివారం పోలేరమ్మ కొలుపు. ఆ రోజు ఒక్క తెప్ప కూడా కదలదు. ఆ రోజు వెయ్యండి. నేనే ముందు వరసలో కూర్చోబెడతా అందర్నీ.”

హజరత్తయ్య చెడ్డవాడు కాదు. ఆ పక్క నుంచి ఎప్పుడూ చూడని మనిషి, అంతే. మర్నాడు బస్సెక్కే ముందు హెబ్రోనును పిలిచి, ముక్క ఆదివారం దాకా వేయవద్దని చెప్పాడు. తర్వాత నెల నుంచి దిబ్బపాళెం పెట్టెలో రెండు మూడు ముక్కలకు బదులు ఏడెనిమిది రాసాగాయి. మీకు కావలసినవి వేసి మిగిలినవి తిప్పి పంపండి అని కాగితం మీద రాసి ఉండేది. తుఫాను సినిమా కూడా వచ్చింది. కొలుపు రోజున ముక్క చూసిన జనమంతా వచ్చారు. సినిమా బాగుందన్నారు, జెండా సంగతి పక్కన పెట్టి.

హజరత్తయ్య వెళ్ళిపోయిన రోజు హెబ్రోను అడిగాడు. “నీకు బాధనిపించలా అక్కా, అంతసేపు దాన్నే చూస్తా ఉంటే?”

“మొదట కళ్ళు మూసుకున్నా,” అంది ఆమె. “మూసుకుంటే నాకు తెలిసిన సముద్రం కనపడింది. తెరిస్తే ఇది కనపడింది. దాని ముందర ఇది చిన్నది. అందుకని తెరుచుకునే ఉన్నా.”

అతను ఆ మాట తర్వాత చాలామందికి చెప్పాడు. ఆమె మాత్రం ఓబయ్య గురించి మళ్ళీ ఎవరితోనూ మాట్లాడినట్టు లేదు.

ఆమె పేరు ఇతర టాకీసుల దాకా పోయింది. ముత్తుకూరు నుంచి గంగులయ్య అనే ఆపరేటరు ముక్కల డబ్బా సైకిలుకు కట్టుకుని వచ్చాడు, కొంచెం చూసిపెట్టమని. ఆమె డబ్బా తెరవకుండానే అతన్ని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. మీ ఊళ్ళో ఇప్పుడు ఏం పనులు జరుగుతున్నాయి, ఎవరింట్లో పెళ్ళి, ఎవరింట్లో చావు, ఆడవాళ్ళు ఏ రోజు ఎక్కువ వస్తారు. అతను సగానికి జవాబు చెప్పలేకపోయాడు.

“అవి తెలుసుకుని రా నాయనా. ముక్కలు చూడ్డం ఒక పూటలో నేర్పిస్తా,” అని చెప్పి, చేపల పులుసుతో అన్నం పెట్టి పంపింది.

గంగులయ్య నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చాడట. ఈసారి అన్నీ చెప్పగలిగాడు.

1967లో చెంచురామయ్య డేరా విప్పేసి ఇందుకూరుపేటలో పక్కా హాలు కట్టించాడు. హెబ్రోను అక్కడికే వెళ్ళాడు. అంకాలమ్మకు గేటుతో పాటు ఉండడానికి ఒక గది కూడా ఇస్తామన్నారు. ఆమె రానంది.

“అది వరి ఊరు. వాళ్ళ ఇళ్ళకి చేపలు అమ్మినా గానీ, వాళ్ళ పొలాల్లో ఎప్పుడేం జరగతాదో నాకు తెలీదు. ఆ ఊరామెను ఎవర్నన్నా పెట్టండి అయ్యా. నెల రోజులు వచ్చి నేర్పిస్తా.”

ఆ ఊరామె ప్రేమలీల. రైతు కుటుంబంలో పిల్ల, భర్త పోయి పుట్టింటికి వచ్చింది. ఐదో క్లాసు చదివింది. అంకాలమ్మ రోజూ ఉదయం బస్సులో వచ్చి, హాలు వెనక ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ముక్కలు ఎండకు పట్టి చూపించేది. మొదటి మూడు వారాలు ప్రేమలీల తలూపుతూనే ఉంది. ఏ ముక్క చూపించినా, మీరు చెప్పినట్టే పిన్నమ్మా అనేది. దాంతో అంకాలమ్మకు దిగులు పట్టుకుంది.

నాలుగో వారంలో ఒక కుటుంబ కథ ముక్క వచ్చింది. అన్నదమ్ములు, పంపకాలు, చివర్లో అందరూ కలిసి భోజనం. అంకాలమ్మ చూసి, చక్కగా ఉంది, ఈ సాయంత్రమే వేయవచ్చు అంది. ప్రేమలీల భూతద్దం చేతిలోకి తీసుకుని మళ్ళీ మొదటి నుంచి చూసింది.

“ఇది ఇప్పుడొద్దు పిన్నమ్మా,” అంది.

“ఎందుకని?”

“ఇక్కడ చూడండి, తమ్ముడు అన్న వరికుప్పకి నిప్పు పెడతా ఉండాడు. మీరు మంట అనుకున్నారు. అది కుప్ప. మా ఊళ్ళో అందరి కుప్పలూ ఇంకా కళ్ళాల్లోనే ఉండాయి. పంపకాల కాడ గొడవపడతా ఉండే అన్నదమ్ములు నాలుగిళ్ళలో ఉండారు. నూర్పుళ్ళు అయినాక వేద్దాం.”

అంకాలమ్మ భూతద్దం తీసుకుని మళ్ళీ చూసింది. కుప్పే. ఆమెకు అది కనపడలేదు. భూతద్దాన్ని కొంగుతో తుడిచి ప్రేమలీల చేతిలో పెట్టింది.

నెల పూర్తి కావడానికి ఇంకా ఆరు రోజులు ఉన్నాయి. చెంచురామయ్యకు ఒక మాట చెప్పి, మధ్యాహ్నం మైపాడు బస్సుకు అంకాలమ్మ తన ఊరికి వెళ్ళిపోయింది.